ఖాళీ గడులతో మొదలుపెట్టండి: అమెరికా బేస్‌బాల్, ఫుట్‌బాల్ దిగ్గజాల జీవితకథనం రాయడం ఎలా

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలలో బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు పెట్టడం మన దగ్గర ఆనవాయితీ. కొన్నేళ్ల కిందట మహబూబ్‌నగర్ జిల్లాలో అటువంటి పోటీ ఒకదానికి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచినప్పుడు, క్రికెట్ ఆటగాళ్ల మీద రాసిన కాగితాల కట్ట మధ్యలో బేబ్ రూత్ మీద రాసిన వ్యాసం ఒకటి కనిపించి ఆశ్చర్యపోయాను. కురుమూర్తి జాతరలో కొనుక్కున్న టోపీ మీద ఒకదానిలో ఒకటి అల్లుకున్న రెండు ఆంగ్ల అక్షరాలు ఏమిటో తెలుసుకుందామని ఆ బాలుడు వెతికాడట. అది న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ జట్టు గుర్తు అని తేలింది. అక్కడి నుంచి రూత్ దాకా వెళ్లాడు. ఆ కుతూహలం మెచ్చుకోదగినదే. వ్యాసం మాత్రం "714 హోమ్ రన్లు కొట్టెను, 1948లో మరణించెను" అన్న ధోరణిలో రెండు పేజీలు సాగింది. అందులో ఒక్క అంకె కూడా తప్పు లేదు, మనిషి జాడ కూడా లేదు.

ఆ బాలుడికి అప్పుడు నోటిమాటగా చెప్పిన పద్ధతినే ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తున్నాను. బడి గోడపత్రికకైనా, వారపత్రిక క్రీడాపుటకైనా, అమెరికాలో పుట్టి పెరుగుతున్న మనవడికి తెలుగులో రాసి పంపడానికైనా ఇది పనికివస్తుంది.

హాజరు పట్టీ చదివినట్టు

కోస్గి, మద్దూరు వైపు బడులలో పనిచేసిన ఉపాధ్యాయులందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. వానాకాలం పంట ఇంటికి చేరిన తరువాత హాజరు పట్టీలో కొందరు పిల్లల పేర్ల ఎదుట నెలల తరబడి గైర్హాజరు గుర్తులే ఉంటాయి. తల్లిదండ్రులతో పాటు వాళ్లు ముంబయికో పుణెకో భవనాల పనికి వెళ్లిపోయి, మళ్లీ ఉగాది నాటికో తొలకరికో కనిపిస్తారు. ఏడాదంతా క్రమంగా వచ్చిన పిల్లవాడి గురించి పట్టీ చెప్పేది తక్కువ. రాని నెలలున్న పిల్లవాడి గురించి అదే పట్టీ ఇంటి అప్పు, ఊరి నీళ్లు, మేస్త్రీ ఇచ్చిన బయానా అన్నీ చెబుతుంది, చదవగలిగితే.

ఆటగాడి గణాంకాల పట్టిక కూడా హాజరు పట్టీయే. ఒక్కో సీజన్‌కు ఒక్కో వరుస, అందులో ఆడిన మ్యాచ్‌లు, సాధించినవి. దానిని తెరవగానే అందరి చూపూ చివరన ఉన్న మొత్తం మీదికి పోతుంది, ఎందుకంటే 714, 755, 18,355 వంటి పెద్ద అంకెలు అక్కడే ఉంటాయి. మీరు ముందుగా ఆ మొత్తాన్ని చేత్తో మూసి, సంవత్సరాల వరుసను మాత్రమే పైనుంచి కిందికి చదవండి. ఏ ఏడు లేదు, ఏ ఏడు మ్యాచ్‌లు హఠాత్తుగా తగ్గాయి, మొదటి వరుస దగ్గర వయసు ఎంత, చివరి వరుస దగ్గర ఆట తగ్గిందా లేక ఉచ్చస్థితిలోనే ఆగిందా అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. జీవితకథనానికి అసలు సరుకు అదే.

ముందు ఆటను గజాలలో చెప్పండి

అయితే పాఠకుడికి ఆటే తెలియనప్పుడు ఆటగాడి గొప్పతనం అంటదు. మొదటి పేరాలోనే నియమావళి మొత్తం గుమ్మరించకుండా, ఆ ఆటగాడి కథకు ఎంత అవసరమో అంతే చెప్పాలి. ఈ విషయంలో మనకొక వెసులుబాటు ఉంది. ఇంటి జాగాలను ఇప్పటికీ గజాల లెక్కన కొనే ప్రాంతం మనది. అమెరికన్ ఫుట్‌బాల్ మొత్తం గజాల ఆటే: మైదానం పొడవు 100 గజాలు, జట్టుకు 11 మంది, బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు జరగాలి, జరగలేకపోతే బంతి అవతలివారికి పోతుంది. పేరులో ఫుట్ ఉన్నా బంతిని కాలితో తన్నేది అప్పుడప్పుడే. చేత్తో పట్టుకుని పరిగెత్తడం, చేత్తో విసరడం, మీదపడి ఆపడం ప్రధానం. మన చెడుగుడులో కూతకు వెళ్లినవాడిని పట్టు పట్టే దృశ్యం గుర్తు చేస్తే ఆ ఆపడం ఎలాంటిదో పాఠకుడికి సగం తెలిసిపోతుంది. మిగతా సగం, అక్కడ మీద పడేవాడు ఇనుప పెట్టెలాంటి శిరస్త్రాణంతో పూర్తి వేగంతో వచ్చి ఢీకొంటాడని చెబితే తెలుస్తుంది.

బేస్‌బాల్‌ను క్రికెట్‌తో పోల్చడం తేలిక, తేలిక కనుకనే ప్రమాదం. బంతి విసిరే పిచర్‌కు, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కు మధ్య దూరం 20 గజాలకు కొంచెం ఎక్కువ, మన పిచ్ 22 గజాలు. ఇంతవరకు చుట్టరికం ఉంది. కానీ అక్కడ బంతి నేలను తాకకుండా వస్తుంది, మోచేయి వంచి విసరడమే పద్ధతి, కొట్టినవాడు 30 గజాల ఎడంలో ఉన్న నాలుగు మూలలను చుట్టి వస్తేనే ఒక పరుగు. కొట్టిన దెబ్బకు కనీసం మొదటి మూలను క్షేమంగా చేరితే అది హిట్, ఒకే దెబ్బకు నాలుగూ చుట్టి వస్తే హోమ్ రన్. నాలుగు స్తంభాలాట ఆడిన పిల్లలకు ఇది వేరే చెప్పనవసరం లేదు. అన్నిటికంటే ముఖ్యమైన తేడా సగటు దగ్గర వస్తుంది. క్రికెట్ సగటు అవుట్‌కు ఎన్ని పరుగులో చెబుతుంది. బేస్‌బాల్ సగటు వెయ్యి ప్రయత్నాలలో ఎన్నిసార్లు హిట్ కొట్టాడో చెబుతుంది. అందువల్ల "టెడ్ విలియమ్స్ సగటు సున్నా దశాంశం నాలుగు సున్నా ఆరు" అని రాస్తే మన పాఠకుడు జాలిపడతాడు. 1941లో విలియమ్స్ 456 ప్రయత్నాలలో 185 సార్లు హిట్ కొట్టాడని, అంటే వెయ్యికి 406 అని, ఆ తరువాత అమెరికన్, నేషనల్ లీగ్‌లలో (ఈ రెండూ కలిసినదే అగ్రశ్రేణి మేజర్ లీగ్) ఏ ఒక్కరూ పూర్తి సీజన్‌లో వెయ్యికి 400 అందుకోలేకపోయారని రాయాలి. ఆ ఏడు చివరి రోజు ఉదయానికి ఆయన లెక్క 448కి 179. దగ్గరి అంకెకు సవరిస్తే అదే 400 అవుతుంది కనుక ఆ రోజు బెంచీ మీద కూర్చున్నా రికార్డు దక్కేది. కూర్చోలేదు, రెండు మ్యాచ్‌లూ ఆడి, 8 ప్రయత్నాలలో 6 హిట్లు కొట్టాడు.

దూరాలను కూడా మన నేల మీద పరచండి. జెర్రీ రైస్ అనే రిసీవర్ 1985 నుంచి 2004 వరకు ఆడి, విసిరిన బంతులను అందుకుని 22,895 గజాలు సంపాదించాడు. ఆ అంకె ఎవరికీ గుర్తుండదు. అది దాదాపు 21 కిలోమీటర్లు, అంటే మహబూబ్‌నగర్‌లో బయలుదేరితే జడ్చర్ల దాటిపోయే దూరం, అడుగడుగునా ఎవరో ఒకరు మీద పడి పడగొడుతుండగా నడిచిన దూరం అని చెబితే గుర్తుంటుంది. రైస్ మిసిసిపీ రాష్ట్రంలో తాపీ మేస్త్రీ కొడుకు. అన్నదమ్ములు కింది నుంచి విసిరే ఇటుకలను పైన పరంజా మీద నిలబడి ఒడిసిపట్టడం వల్ల తన చేతులు గట్టిపడ్డాయని ఆయనే చెప్పుకున్నాడు. లారీ మీది నుంచి ఇటుకలు దింపే వరుసను చూసిన పాలమూరు పాఠకుడికి ఈ వాక్యం తరువాత వ్యాఖ్య అక్కరలేదు, దయచేసి రాయవద్దు.

ఒక హెచ్చరిక. వేర్వేరు కాలాల అంకెలను పక్కపక్కన పెట్టేముందు సీజన్ పొడవు చూడాలి. బేస్‌బాల్‌లో సీజన్‌కు 154 మ్యాచ్‌లు ఉండేవి, 1961లో అమెరికన్ లీగ్, మరుసటి ఏడు నేషనల్ లీగ్ దానిని 162 చేశాయి. రూత్ 1927లో కొట్టిన 60 హోమ్ రన్ల రికార్డును రోజర్ మారిస్ 1961లో 61తో దాటినప్పుడు లేచిన తగాదా అంతా ఆ 8 మ్యాచ్‌ల గురించే. ఫుట్‌బాల్‌లో 12 మ్యాచ్‌లు 1961లో 14 అయ్యాయి, 1978లో 16, 2021 నుంచి 17. ఓ.జె. సింప్సన్ 1973లో 2,003 గజాలు పరిగెత్తినది 14 మ్యాచ్‌లలో; ఎరిక్ డికర్సన్ 1984లో 2,105 గజాలు పరిగెత్తినది 16 మ్యాచ్‌లలో. ఎవరు గొప్ప అన్న తీర్పు మీరు చెప్పకపోయినా ఫరవాలేదు, మ్యాచ్‌ల సంఖ్య చెప్పకపోతే మాత్రం పాఠకుడిని మోసగించినట్టే.

గడి ఎందుకు ఖాళీ

ఇప్పుడు అసలు పని. ఖాళీ గడులకు కారణాలు వెతకాలి.

విలియమ్స్ పట్టికలో 1943, 1944, 1945 లేవు. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయన యుద్ధవిమాన చోదకుడిగా శిక్షణ పొంది, ఇతరులకు శిక్షణ ఇచ్చాడు. మళ్లీ 1952, 1953 వరుసలు దాదాపు ఖాళీ. ఈసారి కొరియా యుద్ధానికి పిలిచారు, అక్కడ నిజంగానే దాడులలో పాల్గొన్నాడు. దేహబలం నిండుగా ఉన్న వయసులో ఐదేళ్లకు దగ్గరగా పోయినా ఆయన 521 హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏళ్లు ఆడి ఉంటే ఎన్ని కొట్టేవాడో లెక్క కట్టి రాయాలన్న ఆశ ప్రతి రచయితకూ పుడుతుంది. అది ఊహ, ఒక వాక్యంలో పాఠకుడికి వదిలేసి ముందుకు సాగడం మర్యాద.

సాచెల్ పేజ్ పట్టిక ఇంకా వింతగా ఉంటుంది. అలబామా రాష్ట్రంలోని మొబైల్ పట్టణంలో 1906లో పుట్టిన ఈ పిచర్ మేజర్ లీగ్‌లో మొదటి బంతి విసిరినది 1948లో, 42 ఏళ్ల వయసులో. మామూలుగా ఆ వయసుకు పిచర్లు భుజం పట్టుకుని ఇంట్లో కూర్చుంటారు. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఆయన ఆడుతూనే ఉన్నాడు, కానీ నల్లజాతి ఆటగాళ్లకు విడిగా ఉన్న నీగ్రో లీగ్‌లలో, ఊరూరా తిరిగే జట్లలో. మేజర్ లీగ్ నియమావళిలో ఎక్కడా నల్లజాతివారు ఆడరాదని రాసిలేదు. పందొమ్మిదవ శతాబ్దం చివరి నుంచి యజమానుల మధ్య ఉన్న లోపాయికారీ ఒప్పందం అది. దీనిని మన పాఠకుడికి వివరించడానికి పేరాలు నింపనవసరం లేదు. మన పల్లెల చాయ్ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి కూడా ఏ బోర్డు మీదా రాసిలేదు. ఆ ఒక్క పోలిక చాలు, అంతకుమించి లాగితే రెండు దేశాల చరిత్రలూ కలగాపులగం అవుతాయి.

జోష్ గిబ్సన్ విషయంలో 2024 వరకు మేజర్ లీగ్ వరుస ఒక్కటి కూడా లేదు. నీగ్రో లీగ్‌లలో అందరికంటే భయంకరమైన బ్యాటర్‌గా పేరుపొందిన ఆయన 1947 జనవరిలో 35 ఏళ్లకే మరణించాడు. అదే ఏడు ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలో అడుగుపెట్టి ఆ గోడను పగలగొట్టాడు. మధ్యలో ఉన్నది మూడు నెలలు. ఈ రెండు తేదీలను పక్కపక్క వాక్యాలలో పెట్టండి, "విధి వైచిత్రి" వంటి మాటల జోలికి పోకండి. గిబ్సన్ కథ రాసేటప్పుడు అంకెల విషయంలో మరింత జాగ్రత్త పడాలి. కూపర్స్‌టౌన్‌లోని ప్రఖ్యాత క్రీడాకారుల మందిరంలో ఆయన ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లు అని ఉంటుంది. లీగ్ మ్యాచ్‌లలో దొరికిన స్కోరు కాగితాల ప్రకారం లెక్క తేలేది 200 లోపే. రెండూ అబద్ధం కావు. లీగ్ మ్యాచ్‌లు తక్కువ, ఊరూరా ఆడిన మ్యాచ్‌లు ఎక్కువ, వాటికి స్కోరు రాసి దాచినవారు తక్కువ. 2024లో మేజర్ లీగ్ సంస్థ 1920 నుంచి 1948 వరకు జరిగిన నీగ్రో లీగ్‌ల గణాంకాలను తన అధికారిక పుస్తకంలో కలిపినప్పుడు, జీవితకాల సగటులో అప్పటిదాకా మొదటివాడైన టై కాబ్‌ను దాటి గిబ్సన్ మొదటి స్థానానికి వచ్చాడు, వెయ్యికి 372తో. కాబట్టి పాత పుస్తకంలో ఒకటి, కొత్త పుస్తకంలో మరొకటి కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకుండా, ఏ ఏడు ప్రచురించిన లెక్కో చూసుకోండి.

రాబిన్సన్ గురించి రాసేవారు చాలామంది 1947తో మొదలుపెడతారు. నేనైతే 1944తో మొదలుపెడతాను. సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉండగా టెక్సస్‌లోని శిబిరం బస్సులో వెనుక సీటుకు వెళ్లమంటే ఆయన నిరాకరించాడు. సైనిక న్యాయస్థానంలో విచారణ జరిగి నిర్దోషిగా బయటపడ్డాడు. మూడేళ్ల తరువాత గ్యాలరీల నుంచి బూతులు కురుస్తుంటే ఎదురు మాట అనకుండా ఆడినవాడు ఈ మనిషే అని తెలిసినప్పుడే ఆ మౌనం ఖరీదు అర్థమవుతుంది. ఆ ఏడు ఆయన ఉత్తమ కొత్త ఆటగాడిగా, 1949లో నేషనల్ లీగ్ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఫుట్‌బాల్‌లో ఇదే గోడ 1946లో, అంటే ఒక ఏడాది ముందే, కెన్నీ వాషింగ్టన్, వుడీ స్ట్రోడ్ అనే ఇద్దరితో మళ్లీ తెరుచుకుంది. వాషింగ్టన్, రాబిన్సన్ లాస్‌ఏంజెలెస్‌లో ఒకే విశ్వవిద్యాలయ జట్టులో ఆడినవారు. ఒకరి పేరు లోకమంతటికీ తెలుసు, మరొకరి పేరు అమెరికాలోనే చాలామందికి తెలియదు. కొత్తగా రాయదలచినవారికి వాషింగ్టన్ మంచి అంశం.

రెండు ఆటలలోనూ ఉన్న ఒక మనిషి

ఎవరి గురించి రాయాలో తేల్చుకోలేకపోతే జిమ్ థోర్ప్‌ను ఎంచుకోండి. బేస్‌బాల్, ఫుట్‌బాల్ రెండింటిలోనూ వృత్తి ఆటగాడు, మధ్యలో ఒలింపిక్ విజేత, పైగా ఆయన ఖాళీ గడి పతకాల పట్టికలో డెబ్బై ఏళ్లు ఉంది.

థోర్ప్ సాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన ఆదివాసి. మన పాత పాఠ్యపుస్తకాలలోని "రెడ్ ఇండియన్" అనే మాట వాడవద్దు. అది అవమానకరం, పైగా తెలుగులో "ఇండియన్" అని రాస్తే పాఠకుడు మనవాడేమో అనుకుంటాడు. తెగ పేరు రాసి, అమెరికా ఆదివాసి అంటే చాలు. పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే ఆశ్రమ పాఠశాలలో ఆయన చదివాడు. ఆదివాసి పిల్లలకు జుట్టు కత్తిరించి, వారి భాష మాన్పించి, తెల్లవారి పద్ధతులు నేర్పడం కోసమే ఆ పాఠశాలను పెట్టారు. "ఆశ్రమ పాఠశాల" అన్న మాట మన్ననూరు, అచ్చంపేట వైపు చెంచు పిల్లలు చదివే బడులను గుర్తుకు తెస్తుంది కనుక, అక్కడి ఉద్దేశం వేరని స్పష్టం చేయడం రచయిత బాధ్యత.

1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలో థోర్ప్ స్వర్ణం గెలిచాడు. మరుసటి ఏడు, అంతకు ముందు 1909, 1910 వేసవులలో నార్త్ కరోలినాలో చిన్న డబ్బుకు బేస్‌బాల్ ఆడాడన్న సంగతి బయటపడింది. డబ్బు తీసుకుని ఆడినవారికి అప్పట్లో ఒలింపిక్స్‌లో చోటు లేదు. కాలేజీ కుర్రాళ్లు ఎందరో వేసవిలో అలాగే ఆడేవారు, దొంగపేర్లతో. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. పతకాలు వెనక్కి తీసుకున్నారు. తరువాత ఆయన న్యూయార్క్ జెయింట్స్ తదితర జట్లకు 1919 వరకు బేస్‌బాల్ ఆడాడు, అందులో మామూలు ఆటగాడే. ఫుట్‌బాల్‌లో మాత్రం కాంటన్ బుల్‌డాగ్స్ జట్టుకు ఆయన పేరే టికెట్టు. 1920లో కొన్ని జట్లు కలిసి సంఘం పెట్టుకున్నప్పుడు జనానికి తెలిసిన పేరు కావాలని ఆయననే అధ్యక్షుడిని చేశారు. ఆ సంఘమే 1922లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయింది. ఇన్ని జరిగినా, అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చిన చట్టం 1924లో గానీ రాలేదు. ఈ తేదీని కథలో సరైన చోట పెట్టండి. దేశం కోసం పతకాలు గెలిచిన పన్నెండేళ్ల తరువాత వచ్చిన చట్టం అది.

1953లో ఆయన పేదరికంలో మరణించాడు. 1982లో ఒలింపిక్ సంఘం ఆయనను ఉమ్మడి విజేతగా గుర్తించి, మరుసటి ఏడు నకలు పతకాలు పిల్లల చేతికి ఇచ్చింది. ఏకైక విజేతగా గుర్తించినది 2022లో. పాత వ్యాసాలను చూసి రాసేవారు 1982 దగ్గరే ఆగిపోతారు, మీరు ఆగకండి.

స్థలపురాణాలు

ప్రతి గుట్ట మీది గుడికీ ఒక స్థలపురాణం ఉన్నట్టు ఈ ఆటలకూ ఉన్నాయి. 1839లో కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరిలో ఆబ్నర్ డబుల్‌డే బేస్‌బాల్‌ను కనిపెట్టాడన్నది అందులో పెద్దది. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకంలో ఒక కమిటీ ఆ మాటకు ముద్ర వేసింది, ఆ నమ్మకం మీదే 1939లో ప్రఖ్యాత క్రీడాకారుల మందిరాన్ని ఆ ఊరిలో తెరిచారు. డబుల్‌డే ఆ ఏడు సైనిక విద్యాలయంలో విద్యార్థి. తానే ఆట కనిపెట్టానని ఎన్నడూ చెప్పుకోలేదు. చరిత్రకారులు కథను కొట్టివేశారు, మందిరం అక్కడే ఉంది. అలాగే 1932 వరల్డ్ సిరీస్‌లో, అంటే బేస్‌బాల్ సీజన్ చివరి టైటిల్ పోరులో, రూత్ వేలు చూపించి మరీ అదే దిక్కుకు హోమ్ రన్ కొట్టాడంటారు. వేలు ఎత్తిన మాట నిజం, హోమ్ రన్ కొట్టిన మాట నిజం. ఆ వేలు గోడ వైపా, ఎదుటి జట్టు వైపా అన్నది ఇప్పటికీ తగాదానే. ఇటువంటి వాటిని వదిలేయవద్దు, "అంటారు" అన్న క్రియతో రాయండి. తెలుగులో ఆ ఒక్క క్రియ చాలా పని చేస్తుంది.

పేర్లు, గౌరవం, చీకటి పేజీలు

పేర్లను అక్షరాలు చూసి కాక ఉచ్చారణ విని రాయాలి. యాంకీస్ తరఫున వరుసగా 2,130 మ్యాచ్‌లు ఆడిన లూ గెరిగ్ పేరును స్పెల్లింగ్ చూసి గెహ్రిగ్ అని రాసేవారున్నారు. ప్యూర్టోరికో నుంచి వచ్చిన రొబెర్తో క్లెమెంటేను అమెరికా పత్రికలు, బొమ్మల కార్డులు చాలాకాలం "బాబ్" అని రాశాయి. ఆయనకు అది నచ్చేది కాదు. ఆయన 1972 సీజన్ చివర్లో సరిగ్గా 3,000వ హిట్ కొట్టి, ఆ డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకు సామగ్రి తీసుకువెళుతున్న విమానం సముద్రంలో కూలి మరణించాడు. అంతకు ముందు పంపిన సామగ్రి దారి మళ్లిందని విని, తానే వెంట ఉండి చేర్చాలని ఎక్కిన విమానం అది. ఐదేళ్లు ఆగాలన్న నియమాన్ని పక్కనపెట్టి 1973లోనే ఆయనను మందిరంలో చేర్చారు. అటువంటి మనిషికి కనీసం పేరైనా సరిగ్గా రాద్దాం.

"అతడు" అనాలా, "ఆయన" అనాలా అన్నది ఆంగ్లంలో రాసేవారికి లేని చిక్కు. మన క్రీడాపుటలు ఆడుతున్నవారిని అతడనే అంటాయి. వెనుక తరాలవారికి నేను ఆయన అనే వాడతాను, కానీ క్రియలో "కొట్టాడు, ఆడాడు" అనే ఉంచుతాను, ఎందుకంటే "హోమ్ రన్ కొట్టారు" అంటే జట్టంతా కలిసి కొట్టినట్టుంటుంది. మీ పద్ధతి ఏదైనా, నల్లజాతి ఆటగాడికి ఒకటి, తెల్లజాతి ఆటగాడికి ఒకటి కాకుండా చూసుకోండి. రాసిన తరువాత ఈ ఒక్కదాని కోసమే మళ్లీ చదవండి.

మచ్చలను దాచవద్దు. 4,256 హిట్లతో అందరికంటే ముందున్న పీట్ రోజ్ తన జట్టు మ్యాచ్‌ల మీదే బెట్టింగ్ కాసినందుకు 1989లో నిషేధానికి గురయ్యాడు, 2004 దాకా ఒప్పుకోలేదు. జిమ్ బ్రౌన్ తొమ్మిది సీజన్లలో ఎనిమిదిసార్లు పరుగు గజాలలో మొదటి స్థానంలో నిలిచి, 12,312 గజాల దగ్గర 30 ఏళ్ల వయసులో, పూర్తి బలంతో ఉండగానే ఆట వదిలేశాడు. 1967లో ముహమ్మద్ అలీ యుద్ధానికి వెళ్లనన్నప్పుడు తోటి క్రీడాకారులను కూడగట్టి ఆయన పక్షాన నిలిచాడు. ఆడవారిపై చేయిచేసుకున్నాడన్న ఆరోపణలు కూడా ఆయన మీద పలుమార్లు వచ్చాయి. మూడూ ఒకే మనిషి జీవితం, మూడూ రాయాలి.

ఫుట్‌బాల్ ఆటగాళ్ల విషయంలో పట్టిక ముగిసిన తరువాతి ఏళ్లు మరీ ముఖ్యం. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుతో నాలుగు సూపర్ బౌల్‌లు, అంటే సీజన్ ఫైనల్ మ్యాచ్‌లు, గెలిచిన మైక్ వెబ్‌స్టర్ ఏళ్ల తరబడి తలతో ఢీకొన్న ఆటగాడు. ఆట మానిన తరువాత మతిమరపు, కలత, కొన్నాళ్లు తన వాహనంలోనే పడుకోవలసిన దుస్థితి. 2002లో 50 ఏళ్లకే మరణించాడు. శవపరీక్ష చేసిన నైజీరియా సంతతి వైద్యుడు బెనెట్ ఒమాలు, పదే పదే దెబ్బలు తిన్న మెదడు ఎలా క్షీణించిందో గుర్తించి 2005లో ప్రకటించాడు. లీగ్ ముందు ఒప్పుకోలేదు, తరువాత ఒప్పుకోక తప్పలేదు. ఫుట్‌బాల్ దిగ్గజం గురించి రాసే ప్రతి ఒక్కరూ "తరువాత ఎలా బతికాడు" అన్న ప్రశ్నకు ఒక పేరా కేటాయించాలని నా అభిప్రాయం.

చివరి పేరా

మరణ తేదీతో ముగించడం మనకు అలవాటు. దానికంటే పట్టికలోని చివరి వరుస దగ్గర ఆగి చూడడం మంచిది. పేజ్ పట్టికలో 1953 తరువాత పదకొండేళ్ల ఖాళీ, ఆ తరువాత 1965లో ఒకే ఒక్క మ్యాచ్, మూడు ఇన్నింగ్స్ (బేస్‌బాల్‌లో మ్యాచ్‌కు తొమ్మిది ఉంటాయి). అప్పటికి ఆయన వయసు 59. జనాన్ని రప్పించడానికి కాన్సాస్ సిటీ జట్టు యజమాని చేసిన ఏర్పాటు అది. మైదానం పక్కన ఊగుడు కుర్చీ కూడా వేయించారు. వేడుక కోసం పిలిచిన ముసలాయన ఆ మూడు ఇన్నింగ్స్‌లో ఇచ్చినది ఒక్క హిట్, పరుగులు సున్నా.

దాని కింద మరో గడి ఉండాలి, గణాంకాలలో మాత్రం కనిపించదు. మేజర్ లీగ్‌లో ఆలస్యంగా అడుగుపెట్టనిచ్చినందువల్ల పేజ్‌కు పింఛనుకు కావలసిన సర్వీసు కొద్దిగా తక్కువ పడింది. 1968లో అట్లాంటా బ్రేవ్స్ జట్టు ఆ లోటు పూడ్చడానికే ఆయనను తన జాబితాలో చేర్చుకుంది. లీగ్ మ్యాచ్‌లో బంతి విసరలేదు కనుక వరుస పడలేదు. సర్వీసు పుస్తకంలో విరామం ఉన్న ఉపాధ్యాయుడెవరికైనా ఈ వాక్యం చదివి వినిపించండి, ఆ తరువాత మీ వ్యాసంలో దానిని ఏ పేరాలో పెట్టాలో ఆయననే అడగండి.